రెండు కొయ్యమేకులు

కాశిబుగ్గ, వరంగల్లు
7 జూలై 1963

బిడ్డా రూతూ,

దేవుడు నిన్ను చల్లగా చూడాలని పొద్దున లేచింది మొదలు అడిగే, నిన్ను కన్న నీ అవ్వ రాస్తున్న ఉత్తరం.

నీ కార్డు బుధవారం అందింది. 'క్షేమం' అని ఒక్క మాట రాసి ఊరుకున్నావు. క్షేమమంటే జ్వరమే రాలేదనా, వచ్చి తగ్గిందనా? నాకు తెలిసేటట్టు రాయి. హైదరాబాదులో నీళ్ళు బాగాలేవని స్టేషన్ ఘన్‌పూర్ నుంచి కూరగాయలు తెచ్చే పూలమ్మ చెప్పింది. ఆమె హైదరాబాదు ముఖం చూసింది లేదు. అయినా ఆ మాట విన్నప్పటి నుంచి నాకు అన్నం సయించడం లేదు. నీళ్ళు కాచి తాగు. కాలేజీలో ఆ స్పిరిటు దీపం దగ్గర కొంగు బొడ్లో దోపుకో.

నా అక్షరాలు చూసి నవ్వకు. మిషను బడిలో మూడో తరగతితో ఆగిపోయిన చెయ్యి ఇది. ఈ సంగతి ఇంకొకరి చేత రాయించేది కాదు, అందుకే మూడు రోజులుగా నేనే రాస్తున్నాను.

మొన్న వేసవిలో నువ్వు వచ్చినప్పుడు పొయ్యిలోకి తెచ్చిన కట్టెలన్నీ తిరగేసి, వాటికి చెవుల్లా మొలిచినవాటిని కాగితాల్లో చుట్టుకుపోయావు గుర్తుందా? "నీ బిడ్డకు జల్ది పెండ్లి చెయ్యవే సువార్తా, కుక్కగొడుగులు ఏరుడు బంద్ చేస్తది" అని లిదియమ్మ ఎగతాళి చేసింది. నేనూ నవ్వాను. ఇప్పుడు ఆ చదువుతోనే నాకు పని పడింది. సమాధుల తోటలో మీ అన్న సిలువకూ, పక్కనే ఉన్న లిదియమ్మ కొడుకు సుందర్ రావు సిలువకూ మొదళ్ళ దగ్గర అవే చెవులు మొలిచాయి.

లిదియమ్మను దవాఖాన వాళ్ళు ఇంటికి తీసుకుపొమ్మన్నారు. పొట్ట కుండలా ఉబ్బింది, చేతులు పుల్లలయ్యాయి. నిన్న తల దువ్వుతుంటే నా చెయ్యి పట్టుకుంది. "నాకేం ఫికర్ లేదే సువార్తా. తోటల కొత్త జాగ లేదంటున్నరు గని, నా సుందర్ గుంతల నాకు జాగ లేదా? పన్నెండేండ్లు దాటిన గుంత తెరిచి సొంతోళ్ళను పెట్టొచ్చునని పాస్టరయ్య చెప్పిండు. వాడు చిన్నగున్నప్పుడు నా పక్కల పండకపోతే నిద్రపోయెటోడు కాదు. ఇప్పుడు నేనే పోయి వాని పక్కల పండుత" అన్నది. నేను "అట్లనే అక్కా" అన్నాను. అని, బయటికొచ్చి గోడ పట్టుకొని నిలబడ్డాను.

నీకు అప్పుడు పన్నెండేళ్ళు. గత్తర, అదే కలరా, వచ్చిన ఏడు నిన్ను ములుగులో మా చెల్లె ఇంటికి పంపించాము కనుక నీకు ఏదీ తెలియదు. మీ అన్న ఆనందరావు, లిదియమ్మ కొడుకు సుందర్ రావు ఒకే పొద్దు పోయారు. గత్తర శవాలని ఆడవాళ్ళను గడప దాటనియ్యలేదు. ఇద్దరినీ ఒకే బండిలో, చాపల్లో చుట్టి తీసుకుపోయారు. ఊరందరికీ పెట్టెలు చేసిన మీ నాయన తన కొడుక్కి పెట్టె చేసుకోలేకపోయాడు. గోడ మూలకు పక్కపక్కనే రెండు గుంతలు తీశారట. వాన. మీ నాయన పనిసంచిలో ఉన్న తునకలు చెక్కి, తలల దగ్గర రెండు కొయ్యమేకులు కొట్టాడు. మనవాడికి టేకు, సుందర్‌కు మామిడి. చెక్కను ముట్టుకుంటే చాలు, ఆయనకు అది పేరు చెప్పినట్టే.

ఆ వాన ఐదు రోజులు విడవలేదు. ఆరో రోజు ఆయన సిలువలు భుజాన వేసుకుపోయేసరికి మట్టి కుంగిపోయి, మేకులు బురదలోకి దిగిపోయి, రెండు గుంతలూ ఒక్కటే మడుగులా ఉన్నాయట. చెయ్యి పెట్టి తవ్వితే తెలిసేది. ఆ మట్టిలో చెయ్యి పెట్టలేకపోయాడు. సిలువలు పాతేసి ఇంటికొచ్చి నాకూ లిదియమ్మకూ "కుడిది మనది, ఎడమది సుందర్‌ది" అని చెప్పాడు. ఎనిమిదేళ్ళు నేనూ అదే నమ్మాను. చనిపోయే నాలుగు రోజుల ముందు మాత్రం నన్ను దగ్గరికి పిలిచి, "సువార్తా, నేను చూసి పెట్టలే. అందాజ మీద పెట్టిన" అన్నాడు.

ఆరేళ్ళయింది బిడ్డా. లిదియమ్మకు చెప్పలేదు, నీకు చెప్పలేదు, ప్రార్థనలో కూడా పైకి అనలేదు. ఇప్పుడు వాళ్ళు ఎడమది తెరుస్తారు. అందులో ఉన్నది సుందర్ కాకపోతే? ఆమెను మీ అన్న దగ్గర పడుకోబెట్టి, సుందర్‌ను ఎవరూ లేకుండా వదిలేసినట్టు కాదా?

ఆ మేకులు మట్టిలో ఇంకా ఉండే ఉంటాయి. తినేసిన కట్టెను చూసి తిన్నది ఎవరో చెప్పగలనన్నావు గదా. తినబడ్డది ఏ కట్టెనో చెప్పగలవా? టేకా, మామిడా, ఆ ఒక్క మాట చాలు. తొందరగా రాయి. ఆమెకు ఎక్కువ రోజులు లేవు.

ఉత్తరం అందిందో లేదోనని ఇప్పటి నుంచే బెంగ పెట్టుకున్న
నీ అవ్వ,
సువార్తమ్మ


కాశిబుగ్గ
24 జూలై 1963

నా తల్లి రూతుకు, నీ ఉత్తరాన్ని దిండు కింద పెట్టుకొని పడుకుంటున్న అవ్వ రాయునది.

నువ్వు నాలుగు పేజీలు రాశావు. ముక్క ముక్కగా కూడబలుక్కొని చదివాను. చెప్పినట్టే చేశాను, తప్పు చేస్తే కోప్పడకు.

ముందు చెవిని కిందినుంచి చూడమన్నావు. గొడుగు లోపలి మడతల్లా రేకులున్నాయా, జల్లెడలా బెజ్జాలున్నాయా, ముళ్ళలా వేలాడుతున్నాయా, లేక చర్మంలా నున్నగా ఉందా అని అడిగావు. మనవి బెజ్జాలే. ఎంత సన్నవంటే కంటికి ఆనవు, వేలికి తెలుస్తాయి. పైన గోధుమ రంగు, గొంగడి ముట్టుకున్నట్టు గరుకు. వానకు మొలిచి రెండు రోజుల్లో నీరుగారే రకం కాదు, కట్టె కంటే గట్టిగా ఉంది. ఏడాదికొక వరస పెరుగుతుందన్నావు, లెక్కపెట్టాను. రెండింటికీ ఐదేసి వరసలున్నాయి. పైకి కనిపించేది కాయ మాత్రమేనని, అసలు ప్రాణి కట్టె లోపల దారాల్లా అల్లుకొని ఉంటుందని రాశావు చూడు, అది చదివిన రోజు ఇంట్లో దూలాలన్నీ కర్రతో కొట్టి కొట్టి చూశాను. వంటింటి దూలం చప్పుడు నాకు నచ్చలేదు. నువ్వు వచ్చినప్పుడు చూడు.

ఇంకో మాట రాశావు. కింద బెజ్జాలున్నంత మాత్రాన అన్నీ ఒక్క ఇంటివి కావనీ, ఇన్నాళ్ళూ పెద్దవాళ్ళు పై రూపు చూసి ఒక్క జాతిగా కట్టారనీ, ఇప్పుడు లోపలి దారాలు చూసి ఏది ఎవరి బంధువో మళ్ళీ విడదీస్తున్నారనీ. నాకు అర్థమైంది. చుట్టరికాలు అట్లాగే కదా తేలేది.

తరువాత కాస్టిక్ నీళ్ళ పరీక్ష. సబ్బు వండగా మిగిలిన కాస్టిక్ సోడా అటక మీద ఉంది. చెవిని విరిచి చూస్తే లోపల తుప్పు రంగు. ఒక్క చుక్క వేశాను. చూస్తుండగానే బొగ్గులా నల్లబడింది! రెండోదీ అంతే. నల్లబడితే దాని ఇంటిపేరు దొరికినట్టేనన్నావు కదా. నాకు ఎంత సంతోషం కలిగిందో చెప్పలేను. ఇరవై రోజుల తర్వాత కడుపునిండా తిన్నాను. చెయ్యి కాలలేదు, భయపడకు. కొంచెమే కాలింది.

మేకుల కోసం బంతి నారు పట్టుకొని తోటకు పోయాను. కావలి కట్టయ్య వెంటనే తయారు.

"ఏందమ్మా, బంతి మొక్కకు మూరెడు లోతు తవ్వుతరా? మనిషినేమన్న నాటుతున్నవా?"

"నీకెందుకయ్యా, పోయి గేటు చూస్కో."

"గేటు ఏడికి పోతది? ఈడున్నోళ్ళేమన్న ఉరికిపోతరా?" అని నవ్వి, జర జరగమని తనే గడ్డపార తీసుకున్నాడు. నా వయసు చూసి జాలిపడ్డాడు. ఏమీ అడగలేదు.

రెండు గుంతల దగ్గరా దొరికాయి బిడ్డా. మేకులనడానికి లేదు. బెత్తెడు బెత్తెడు ముక్కలు, తడిసిన దూదిలా మెత్తగా, పీచు పీచుగా తెల్లగా ఉన్నాయి, మధ్యలో పెన్సిలుతో గీసినట్టు నల్ల గీతలు. వాసన చూశాను. మీ నాయనైతే వాసనతోనే చెప్పేవాడు. నాకు మట్టి వాసనే వచ్చింది.

రెండు మందు సీసాల్లో వేసి పంపిస్తున్నాను. కుడి గుంతదానికి ఎర్ర దారం, ఎడమదానికి తెల్ల దారం. కట్టాక నమ్మకం కుదరక రెండుసార్లు విప్పి చూశాను, తారుమారు కాలేదు. పోస్టాఫీసు ఆయన "లోపల ఏమున్నది?" అంటే "కట్టె" అన్నాను. "గింత దూరం కట్టె పంపుతున్నవా, హైదరాబాదుల పొయ్యిలు లేవా?" అన్నాడు.

లిదియమ్మ ఇప్పుడు గంజి మాత్రమే తాగుతున్నది. తొందర చేయి తల్లీ.

నీ అవ్వ


కాశిబుగ్గ
18 ఆగస్టు 1963

రూతూ,

నీ ఉత్తరం వచ్చి ఐదు రోజులైంది. జవాబు రాయడానికి చెయ్యి ఆడలేదు.

నువ్వు నాకు అర్థం కావాలని ఎంత ఓపికగా రాశావో! కట్టెను తినేవి రెండు తీర్లు. ఒక తీరువి కట్టెలో మెత్తని భాగం తిని గట్టి భాగాన్ని వదిలేస్తాయి, అప్పుడు అది గోధుమ రంగుకు తిరిగి, కాలిన ఇటుకల్లా పలకలు పలకలుగా పగులుతుంది. దాని ఎముకలు మిగులుతాయి కనుక అద్దం కింద పెడితే ఒక్కోసారి ఏ చెట్టో పోల్చుకోవచ్చు. రెండో తీరువి మెత్తనిదీ గట్టిదీ రెండూ తింటాయి. తెల్లని పీచు మిగులుతుంది, ఆ తర్వాత అదీ మిగలదు. కాస్టిక్‌కు నల్లబడే ఇంటివన్నీ ఈ రెండో తీరువే.

మరి టేకును ఏదీ తినదంటారు కదా అని నేను అడగబోయే మాట నువ్వే ముందు రాశావు. టేకు నడిమి చెక్కకే ఆ బలం, అంచు తెల్ల చెక్కకు నూనె ఉండదు, అది మామిడితో సమానమన్నావు. నిజమే. మీ నాయన సంచిలో ఎప్పుడూ అంచు తునకలే ఉండేవి. నడిమి చెక్క గిరాకీల వాకిళ్ళకు పోయేది. మీ సారుకు కూడా చూపించావట, ఆయన కూడా రెండు సీసాల్లోనూ పోల్చుకునేందుకు ఏమీ మిగల్లేదన్నాడట. 'చెప్పలేము' అని రాశావు.

నల్లబడిందని సంబరపడి కడుపునిండా తిన్నాను చూడు. ఆ సంగతే మళ్ళీ మళ్ళీ గుర్తొస్తున్నది.

చివర చిన్న అక్షరాలతో, "ఏదో ఒకటి చూపించు అవ్వా, ఎవరికి తెలుస్తుంది" అని రాశావు. నా మీద ప్రేమతోనే రాశావని తెలుసు. కాని బిడ్డా, నీ సీసాల మీద తెలియనిదాన్ని తెలియదనే రాసుకుంటావు కదా. చచ్చిపోయే మనిషికి మాత్రం తెలుసునని చెప్పమంటున్నావు. రెండు రోజులు ఆలోచించి, గురువారం పొద్దున సగ్గుబియ్యం గంజి కాచుకొని ఆమె దగ్గరికి పోయాను. కోడలు బావి దగ్గర ఉన్నది. ఇద్దరమే ఉన్నాము. మేకుల సంగతి, వాన సంగతి, మీ నాయన చెప్పిన మాట, అన్నీ చెప్పేశాను. చెబుతున్నంతసేపూ ఆమె ఇంటి కప్పు దిక్కు చూస్తూనే ఉంది.

"ఎన్నేండ్ల సంది ఎరికె నీకు?" అని అడిగింది.

"ఆరేండ్లు అక్కా."

"ఆరు ఈస్టర్లు. నా పక్కపొంటి నిలవడ్డవు. నేను ఆ సిలువకు ముద్దు పెట్టుకుంటాంటే చూసుకుంట నిలవడ్డవు."

ఎక్కడి నుంచి వచ్చిందో ఒక ఆలోచన వచ్చి, అదే మంచిదనుకొని అన్నాను: "అక్కా, రెండూ మన పిల్లగాండ్లే కదా. నువ్వు ఒకదాంట్ల పండు, రేపు నేను ఇంకోదాంట్ల పండుత. ఎవని కాడ ఎవలున్నా, తల్లి లేకుంట ఎవ్వడూ ఉండడు."

ఆమె తల తిప్పి నన్ను చూసింది. ఆ పసుపు కళ్ళు నాకు ఇప్పటికీ కనిపిస్తున్నాయి.

"నాకు నీ కొడుకు వద్దు" అన్నది. "ఆనంద్ మంచోడే. నా చేతి అన్నం తిన్నడు, నన్ను పెద్దమ్మా అన్నడు. అయినా వద్దు. నాకు నా కొడుకు కావాలె. లే. ఆ గంజి తీస్కపో."

గంజి తీసుకొని వచ్చేశాను. ఆనాటి నుంచి ఎప్పుడు పోయినా కోడలు గుమ్మంలోనే ఎదురై "పండుకున్నది చిన్నత్తా" అంటున్నది. లోపల నుంచి దగ్గు వినిపిస్తూనే ఉంటుంది. నలభై ఏళ్ళ స్నేహం బిడ్డా. ఒకే పొయ్యి నిప్పు రెండిళ్ళకు వాడుకున్నాము. చెప్పకుండా ఉంటే మోసం, చెబితే ఇది. ఏది చేసినా మంచి జరిగే దారి దీనిలో ఎక్కడా లేదు. నువ్వు సెలవు పెట్టి రావద్దు. వచ్చి మాత్రం ఏం చేస్తావు? రైలులో కిటికీ దగ్గర కూర్చుంటే కంట్లో బొగ్గు నలక పడుతుంది.

నీ అవ్వ


కాశిబుగ్గ
8 సెప్టెంబరు 1963

నా రూతు తల్లీ,

లిదియమ్మ గురువారం మధ్యాహ్నం పోయింది.

నన్ను పిలువలేదు. ఏడుపులు వినపడి పోయాను, వాకిట్లో ఆడవాళ్ళ వెనుక నిలబడ్డాను. నన్ను పొమ్మంటారేమో, నలుగురిలో అడుగుతారేమోనని ముందుకు పోలేదు. ఆమె చిన్న కొడుకు దేవదానం నన్ను చూసి దగ్గరికొచ్చాడు. అడిగేశాడనుకున్నాను.

"చిన్నమ్మా, నువ్వు తోటకు రావాలె" అన్నాడు. "పొద్దుగాల అమ్మకు తెలివొచ్చింది. 'నన్ను సువార్త చూపిచ్చిన కాడ పెట్టుండ్రి, అది ఏది చూపిస్తే గదే' అన్నది. ఎడమది మనదే కదా అమ్మా, కొత్తగ చూపిచ్చుడేందంటే, 'దాన్నే అడుగుండ్రి' అని కండ్లు మూసుకున్నది."

అంటే ఆమె ఎవరికీ చెప్పలేదు. కొడుక్కీ, కోడలికీ, పాస్టరుగారికీ చెప్పలేదు. నన్ను క్షమించి అట్లా అన్నదా, నా బరువు నన్నే మొయ్యమని అన్నదా? మూడు రోజులుగా ఆలోచిస్తున్నాను, తేలడం లేదు. అడుగుదామంటే మనిషి లేదు.

తోటలో అందరూ నా చేతి దిక్కు చూశారు. కట్టయ్య పార పట్టుకొని నిలబడ్డాడు. అతనికి కొంత తెలుసేమో, నా ముఖం చూడలేదు. నేను ఎడమదే చూపించాను. అక్కడ సుందర్ ఉన్నాడని కాదు. పద్నాలుగేళ్ళు ఆమె మోకాళ్ళు ఆనిన చోట మట్టి కొంచెం గుంటపడి ఉంది. నాకు తెలిసింది అదొక్కటే, దాన్నే చూపించాను.

పాత గుంత తెరిచినప్పుడు దొరికిన ఎముకలు ఏరి, తెల్లగుడ్డలో మూటకట్టి, కొత్తగా పెట్టేవాళ్ళ పక్కన పెట్టడం మనవాళ్ళ అలవాటు కదా. చాప ఆనవాలే లేదు. దేవదానం గుంతలోకి దిగి ఉన్నాడు, మిగిలిన మగవాళ్ళు పెట్టె పట్టుకున్నారు. కట్టయ్య మూట కట్టి చుట్టూ చూసి, దగ్గరున్నది నేనే కనుక, "జర పట్టుకో అమ్మా" అని నా చేతుల్లో పెట్టాడు.

బిడ్డా, నేను పట్టుకున్నాను. పెట్టె దించి, తాళ్ళు లాగి, పాస్టరుగారు కీర్తన పాడించినంతసేపూ పట్టుకునే ఉన్నాను. బరువే లేదు. కడుపున మోసి కన్నదాన్ని, పదిహేడేళ్ళు పెంచినదాన్ని, వాడే అయితే నా చేతులకు తెలియకుండా పోతుందా అనుకున్నాను. గుండెకు ఆనించుకున్నాను. కళ్ళు మూసుకున్నాను. "ఆనందూ" అని లోపల పిలిచాను. "సుందరూ" అని కూడా పిలిచాను.

నాకు తెలియలేదు, రూతూ.

దేవదానం చేతులు చాచాడు, ఇచ్చేశాను. లోపలికి దించి తల్లి పక్కన పెట్టాడు. మట్టి వేశారు. నేనూ ఒక పిడికెడు వేశాను.

నా తరువాత నన్ను కుడిదానిలో పెట్టించు. ఆ గుంతల మీద రాతి పలకలు వేయిస్తే వాటి మీద ఎవరి పేరూ రాయించవద్దు, పాస్టరుగారు అడిగితే అవ్వ వద్దన్నదని చెప్పు. సీసాలు నీ దగ్గర ఉంచుకోకు, ఎక్కడైనా చెట్టు మొదట్లో మట్టిలో వేసెయ్యి. నువ్వు ఏమీ తక్కువ చేయలేదు. మిగిలింది ఉంటేనే కదా ఎంత చదివినవాళ్ళయినా చెప్పేది.

ఇక్కడ వానలు తగ్గలేదు. నీకు దగ్గు ఉంటే దాచకుండా రాయి.

నిన్ను మాత్రం ఎక్కడున్నా గుర్తుపట్టగలనని అనుకుంటున్న
నీ అవ్వ,
సువార్తమ్మ